రక్తం ఎక్కించిన వారానికి కళ్లు పచ్చబడితే: ఒక కేస్ స్టడీ

కేసు

రోగికి 38 ఏళ్లు, బరువు 46 కిలోలు. గోదావరి జిల్లాల్లో ఒక పల్లె, వ్యవసాయ కూలి పని. గర్భసంచిలో గడ్డల వల్ల ఏడాదిగా నెలసరిలో రక్తం విపరీతంగా పోతోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే స్థితిలో మా బోధనాసుపత్రి గైనకాలజీ వార్డులో చేరారు. హిమోగ్లోబిన్ 4.8. స్మియర్‌లో ఎర్రకణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయి. ఇనుము లోపం అని చూడగానే తెలిసిపోతుంది. గ్రూపు బీ పాజిటివ్. గర్భసంచి తీసేయాలని నిర్ణయించి, దానికి ముందు హిమోగ్లోబిన్ పెంచడానికి రెండు యూనిట్ల ఎర్రకణాలు అడిగారు. నేను ఈ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు డాక్టరుని. ఆవిడని ఎవరూ గుర్తుపట్టకుండా ఇక్కడ కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

బుధవారం ఒక యూనిట్, గురువారం ఒక యూనిట్ ఎక్కించారు. రెండూ జెల్ కార్డులో కూంబ్స్ దశ దాకా క్రాస్‌మ్యాచ్ (దాత కణాలు రోగి సీరంతో పడతాయా అని చూసే పరీక్ష) చేసినవే, రెండూ చక్కగా కలిశాయి. ఎక్కుతున్నంతసేపూ చలి లేదు, దద్దుర్లు లేవు, ఆయాసం పెరగలేదు. శుక్రవారం హిమోగ్లోబిన్ 7.2. మరుసటి గురువారానికి ఆపరేషన్ వేశారు.

మంగళవారం సాయంత్రం జ్వరం వచ్చింది, 101.4 డిగ్రీలు. వార్డులో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మలేరియా కార్డు పరీక్ష, స్మియర్, డెంగీ పరీక్ష అన్నీ నెగెటివ్. బుధవారం పొద్దున రౌండ్స్‌కి కళ్లు పచ్చబడి ఉన్నాయి. మూత్రం ముదురు రంగులో వస్తోందని ఆవిడే చెప్పారు. బిలిరుబిన్ 4.6, అందులో 3.7 ఇన్‌డైరెక్ట్, అంటే ఎర్రకణాలు పగిలితే పెరిగే రకం. కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ 5.1కి పడిపోయింది. ఆ వారంలో నెలసరి రాలేదు, శరీరంలో ఎక్కడా రక్తం పోయిన జాడ లేదు.

కళ్లు పచ్చబడ్డాయి, జ్వరం ఉంది కాబట్టి వార్డులో మొదట హెపటైటిస్ వైపే ఆలోచన పోయింది. ఆపరేషన్ వాయిదా వేసి, మీద అర్జెంట్ అని రాసి, మూడు యూనిట్లు అడుగుతూ ఫారం పంపారు. గతంలో రక్తం ఎక్కించారా, కాన్పులు ఎన్ని, రియాక్షన్లేమైనా వచ్చాయా అని అడిగే గడిలో ఒక అడ్డగీత ఉంది. వారం క్రితం వచ్చిన ఫారంలోనూ అక్కడ అడ్డగీతే.

బ్లడ్ బ్యాంకులో ఆ మధ్యాహ్నం

మా టెక్నీషియన్ ముందు గమనించింది ట్యూబుని. సెంట్రిఫ్యూజ్ నుంచి తీసేసరికి పైన తేలిన సీరం పసుపు నీళ్ల రంగులో ఉంది. క్రాస్‌మ్యాచ్ పెట్టాడు. అరగంట తర్వాత నా గదికి వచ్చి, "మేడమ్, మూడు యూనిట్లూ కలవట్లేదు. పోయిన వారం ఈ పేషెంటుకి రెండూ బాగానే కలిశాయి, రిజిస్టరు చూశాను" అన్నాడు. అతను పాత రిజిస్టరు తిరగేసి ఉండకపోతే ఇంకో నాలుగు యూనిట్లతో ప్రయత్నించి, కలిసిన దాన్ని పంపేసేవాళ్లం. వారంలో కలిసేది కలవకుండా పోయిందంటే ఆ వారంలో రోగి సీరంలో ఏదో కొత్తగా తయారైందన్నమాట.

ఎర్రకణాలకి యాంటీబాడీలు (పరాయి కణాలని పట్టుకునే రక్షణ ప్రోటీన్లు) అంటుకుని ఉన్నాయా అని చూసే డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేశాం. ఈ కేసులో నేను బాగా గుర్తుపెట్టుకున్నది ఆ కార్డునే. జెల్ గొట్టంలో కొన్ని కణాలు పైభాగంలో ఎర్రటి పట్టీలా ఆగిపోయాయి, మిగతావి జెల్ గుండా జారి అడుగున గుండీలా కూర్చున్నాయి. మధ్యలో ఏమీ లేదు. మామూలుగా కణాలన్నింటికీ యాంటీబాడీ పట్టుకుని ఉంటే అన్నీ పైనే ఆగుతాయి, లేకపోతే అన్నీ కిందికి దిగుతాయి. ఇలా రెండుగా చీలిందంటే ఆవిడ నరాల్లో రెండు రకాల కణాలు తిరుగుతున్నాయి. పైన ఆగినవి దాతలవి, యాంటీబాడీ అంటుకున్నవి. కిందికి దిగినవి ఆవిడ సొంత కణాలు. దీన్ని మేం మిక్స్‌డ్ ఫీల్డ్ అంటాం. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్న మనిషిలో ఈ చిత్రం కనిపిస్తే, ఎక్కించిన కణాలు నాశనమవుతున్నాయని వేరే రుజువు వచ్చేదాకా అనుకోవాల్సిందే.

కణాలకి అంటుకున్నది ఐజీజీ రకం యాంటీబాడీ, బలం 2+. కాంప్లిమెంట్ అనే ఇంకో రకం రక్షణ ప్రోటీన్ నెగెటివ్. స్మియర్‌లో స్ఫీరోసైట్లు, అంటే బంతిలా గుండ్రంగా మారిన ఎర్రకణాలు. కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ 980. మూత్రంలో యూరోబిలినోజెన్ బాగా పెరిగింది కానీ హిమోగ్లోబిన్ లేదు. అంటే కణాలు రక్తనాళాల్లో పగలడం లేదు, ప్లీహంలో, కాలేయంలో పట్టుబడి విచ్ఛిన్నమవుతున్నాయి. కిడ్నీల విషయంలో ఇది కొంత ఊరట. క్రియాటినిన్ 0.9.

సెఫ్ట్రియాక్సోన్ మీద కూడా నాకు అనుమానం వచ్చింది. ఆ మందు వల్ల ఎర్రకణాలు పగలడం అరుదే, జరిగితే మాత్రం తీవ్రంగా జరుగుతుంది. వార్డుకి ఫోన్ చేసి మొదటి డోసు ఎప్పుడిచ్చారో అడిగాను. జ్వరం వచ్చాకే ఇచ్చారు, అంటే కథ మొదలయ్యాక. పైగా ఆ మందు వల్ల అయితే దాత కణాలు, సొంత కణాలు అన్న తేడా ఉండదు, కాంప్లిమెంట్ కూడా సాధారణంగా పాజిటివ్ వస్తుంది. అయినా ఇన్ఫెక్షన్ ఆధారం ఏదీ లేదు కాబట్టి ఆ ఇంజెక్షన్ ఆపేయమన్నాం.

యాంటీబాడీ స్క్రీనింగ్ పాజిటివ్. పదకొండు కణాల ప్యానెల్ పెడితే, ఆర్‌హెచ్ కుటుంబంలోని స్మాల్-సీ యాంటిజెన్ (ఎర్రకణం మీద ఉండే ఒక గుర్తు) ఉన్న ప్రతి కణంతోనూ ఆవిడ సీరం చర్య జరిపింది, లేని ఏ కణంతోనూ జరపలేదు. చర్య జరగని కణాల ఆధారంగా కెల్, కిడ్, డఫీ అనే వేరే రక్త వర్గాల యాంటీబాడీలు లేవని తేల్చాం. స్మాల్-సీతో పాటు క్యాపిటల్-ఈ కూడా ఉన్న కణాలతో చర్య ఇంకొంచెం గట్టిగా, 4+ ఉంది. దానికి కూడా విడిగా యాంటీబాడీ ఉందేమో. ప్యానెల్‌లో క్యాపిటల్-ఈ ఉన్న కణాలన్నింటిలో స్మాల్-సీ కూడా ఉంది కాబట్టి రెంటినీ విడదీసి చెప్పడం కుదరలేదు. విడదీయడానికి అడ్సార్ప్షన్ చేయవచ్చు, కానీ ఆ ఫలితం వల్ల మేం ఇవ్వబోయే రక్తం మారదు. స్మాల్-సీ లేని దాతల్లో దాదాపు అందరికీ క్యాపిటల్-ఈ కూడా ఉండదు. రెండూ లేని యూనిట్లే ఇస్తాం, సమస్య అక్కడికి తీరిపోతుంది. అందుకే దాని మీద సమయం పెట్టలేదు.

ఆవిడ సొంత కణాల్లో ఏముందో తెలియాలి. ఇప్పటి నమూనాలో దాతల కణాలు కలిసి ఉన్నాయి కాబట్టి దాని మీద టైపింగ్ చేస్తే తప్పుదారి పడతాం. రక్తం ఎక్కించక ముందు తీసిన నమూనా కావాలి. ఎక్కించిన తర్వాత ఏడు రోజులు రోగి నమూనానీ దాతల నమూనానీ ఫ్రిజ్‌లో ఉంచాలన్నది మన దేశంలో నియమం. మొదటి యూనిట్ లెక్కన ఆ రోజే ఏడో రోజు. ట్యూబు ర్యాకులోనే ఉంది, రెండు బ్యాగుల సెగ్మెంట్లూ (దాత రక్తం ఉన్న గొట్టం ముక్కలు) ఉన్నాయి. ఇలాంటి రియాక్షన్ రక్తం ఎక్కిన 24 గంటల తర్వాత నుంచి 28 రోజుల దాకా ఎప్పుడైనా బయటపడవచ్చు. ఏడు రోజుల నియమం అందుకు సరిపోదని నా అభిప్రాయం. అప్పటి నుంచి మా దగ్గర రోగి నమూనాలని రెండు వారాలు ఉంచుతున్నాం. ఫ్రిజ్‌లో ఒక అర ఎక్కువ పట్టింది, అంతే.

పాత నమూనా చెప్పిన సంగతులివి. ఆవిడ కణాల్లో డీ ఉంది, క్యాపిటల్-సీ ఉంది, స్మాల్-ఈ ఉంది. స్మాల్-సీ లేదు, క్యాపిటల్-ఈ లేదు. ఎక్కించిన రెండు బ్యాగుల్లోనూ స్మాల్-సీ ఉంది, రెండో దాంట్లో క్యాపిటల్-ఈ కూడా ఉంది. పాత సీరంతో మామూలు స్క్రీనింగ్ మళ్లీ చేస్తే నెగెటివే వచ్చింది. అంటే మొదటి క్రాస్‌మ్యాచ్‌లో తప్పేమీ లేదు. పపైన్ ఎంజైముతో సిద్ధం చేసిన కణాలతో పెట్టినప్పుడు మాత్రం స్మాల్-సీ ఉన్న కణాలతో సన్నగా చర్య జరిపింది. యాంటీబాడీ ఆ రోజు కూడా ఉంది, మామూలు పరీక్షకి అందనంత తక్కువగా ఉంది. చివరగా, రోగి రక్తంలోని దాత కణాలకి అంటుకున్న యాంటీబాడీని విడగొట్టి పరీక్షిస్తే అదీ యాంటీ-స్మాల్-సీయే. రోగ నిర్ధారణ పూర్తయింది: ఆలస్యంగా వచ్చిన హీమోలిటిక్ ట్రాన్స్‌ఫ్యూజన్ రియాక్షన్, అంటే ఎక్కించిన ఎర్రకణాలు కొన్ని రోజుల తర్వాత పగిలిపోవడం.

అడ్డగీత వెనక ఉన్న చరిత్ర

సాయంత్రం వార్డుకి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. బ్లడ్ బ్యాంకు డాక్టరు వార్డుకి వెళ్లడం మన ఆసుపత్రుల్లో అరుదు, కానీ ఇలాంటి కేసుల్లో సగం సమాధానం మంచం దగ్గరే దొరుకుతుంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారామ్మా?" అంటే ముందు లేదన్నారు. కాన్పుల గురించి అడిగాక గుర్తొచ్చింది.

"చిన్నోడు పుట్టినప్పుడు బాగా రక్తం పోయిందండి. అప్పుడు రెండు సీసాలు ఎక్కించారండి."

"ఇంటికెళ్లాక ఏమన్నా చేసిందా?"

"వారానికి కళ్లు పచ్చబడ్డాయండి. కామెర్లన్నారు. పక్కూర్లో పసరు పోయించుకున్నానండి, పథ్యం చేశాను, తగ్గిపోయింది."

"చిన్నోడికి పుట్టినప్పుడు ఏమన్నా ఇబ్బంది వచ్చిందా?"

"ఆడికీ పుట్టిన మర్నాడే కామెర్లండి. గాజు పెట్టెలో లైట్ల కింద పెట్టారు, నాలుగు రోజులు."

ఆ కాన్పు జరిగి తొమ్మిదేళ్లయింది. నాటి కాగితాలేవీ లేవు, కాబట్టి ఇది రుజువైన విషయం అనను. కానీ వరస చూడండి. మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడో పుట్టేటప్పుడో ఆ బిడ్డకి తండ్రి నుంచి వచ్చిన స్మాల్-సీ ఉన్న కణాలు తల్లి రక్తంలో కలిసి ఉంటాయి. తల్లి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుంది. రెండో కాన్పు నాటికి ఆ యాంటీబాడీ మాయ దాటి బిడ్డ కణాల మీద పడింది, బిడ్డకి మొదటి రోజుల్లోనే కామెర్లు. గర్భిణుల్లో బిడ్డకి హాని చేసే ఆర్‌హెచ్ యాంటీబాడీల్లో యాంటీ-డీ తర్వాత ముఖ్యమైనది యాంటీ-స్మాల్-సీయే. ఆ కాన్పులోనే ఎక్కించిన రక్తం వారం తర్వాత తల్లికి కామెర్లు తెచ్చింది. పగలాల్సిన కణాలన్నీ పగిలిపోయాక కామెర్లు వాటంతటవే తగ్గాయి, ఆ పేరు పసరు మందుకి దక్కింది. తర్వాత తొమ్మిదేళ్లలో యాంటీబాడీ పరీక్షకి అందనంతగా పలచబడింది. శరీరానికి మాత్రం ఆ జ్ఞాపకం పోలేదు. మళ్లీ స్మాల్-సీ కనిపించగానే వారంలోపే పెద్ద ఎత్తున తయారుచేసింది.

ఇంత చరిత్రా నాలుగు ప్రశ్నలకి వచ్చింది. మొదటి ఫారం మీదే ఇది ఉండి ఉంటే స్క్రీనింగ్ నెగెటివ్ వచ్చినా మేం ఎంజైము పరీక్ష చేసేవాళ్లం, కనీసం ఆర్‌హెచ్, కెల్ యాంటిజెన్లు సరిపోలిన యూనిట్లు వెతికేవాళ్లం. హౌస్ సర్జన్ల పనిభారం నాకు తెలుసు. ఒక రాత్రి డ్యూటీలో పది ఫారాలు నింపే పిల్లలు వాళ్లు. కానీ "రక్తం ఎక్కించారా" అని ఊరికే అడిగితే మన ఊళ్లలో చాలామంది లేదంటారు. కాన్పులు ఎన్ని, ఎక్కడ జరిగాయి, కాన్పులో రక్తం పోయిందా, సీసాలో ఎర్రది ఎక్కించారా, ఆ తర్వాత కళ్లు పచ్చబడ్డాయా, బిడ్డకి కామెర్లొచ్చాయా అని విడివిడిగా అడగాలి. గర్భస్రావాలు కూడా అడగాలి.

ఆవిడ భర్త మంచం కాళ్ల దగ్గర నిలబడి అంతా విన్నాడు. "మా ఆవిడది బీ పాజిటివ్వే కదండీ, ఎక్కించిందీ బీ పాజిటివ్వే కదండీ. మరి తేడా ఎక్కడొచ్చిందండీ?" అని అడిగాడు. సరైన ప్రశ్న. వార్డులో ఉన్న ఇద్దరు పీజీలు కూడా నా జవాబు కోసం చూశారు.

పాజిటివ్ అన్న మాట డీ అనే ఒక్క యాంటిజెన్ గురించే చెబుతుంది. ఆర్‌హెచ్ కుటుంబంలో దానితో పాటు రెండు రకాల సీ, రెండు రకాల ఈ ఉన్నాయి, వాటి గురించి గ్రూపు కార్డు మీద ఏమీ ఉండదు. ఇద్దరు బీ పాజిటివ్ మనుషుల మధ్య ఇవి తేడాగా ఉండటం సర్వసాధారణం. డీ మీద అంత దృష్టి ఎందుకంటే, అది లేనివాళ్ల శరీరం దానికి చాలా తేలిగ్గా స్పందిస్తుంది. మిగతావి అంత తరచుగా ఇబ్బంది పెట్టవు, అందుకే ప్రతి ఒక్కరికీ చూడం.

"అయితే నాది తీసుకోండి. నాదీ బీ పాజిటివ్వే" అన్నాడు. ఈ మాట ప్రతి వార్డులో ప్రతి భర్తా అంటాడు, ప్రేమతోనే అంటాడు. పిల్లల్ని కనే వయసు భార్యకి భర్త రక్తం ఎక్కించకూడదు. ఆమె శరీరం బిడ్డల ద్వారా ఏ యాంటిజెన్లని చూసిందో అవి అతని కణాల నిండా ఉంటాయి. ఆర్‌హెచ్ సంగతి వైద్యానికి తెలిసిందే అలాంటి ఒక ఘటన వల్ల. 1939లో అమెరికాలో ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ ఒక స్త్రీ కేసు రాశారు. కడుపులోనే బిడ్డ చనిపోయాక ఆమెకి భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే, అయినా తీవ్రమైన రియాక్షన్ వచ్చింది. ఆ యాంటీబాడీ ఆర్‌హెచ్‌ది అని తర్వాత తేలింది. ఇలాంటి యాంటీబాడీలని పట్టే కూంబ్స్ పరీక్ష 1945లో వచ్చింది. కూంబ్స్ దశ లేకుండా, సెలైన్‌లో మాత్రమే క్రాస్‌మ్యాచ్ చేస్తే యాంటీ-స్మాల్-సీ లాంటివి దొరకవు.

ఏం చేశాం

మొదట, అడిగిన మూడు యూనిట్లు పంపలేదు. గైనకాలజీ ప్రొఫెసర్‌తో కాసేపు వాదన జరిగింది. హిమోగ్లోబిన్ 5.1 అంటే ఎవరికైనా భయమే, ప్రొఫెసర్ భయం న్యాయమైనదే. కానీ రోగి పడుకుని ఉంటే ఆయాసం లేదు, నాడి 104, బీపీ 110/70, ఆక్సిజన్ 98. దీర్ఘకాలంగా రక్తహీనతతో ఉన్న శరీరం ఆ స్థాయికి అలవాటుపడి ఉంటుంది. కలవని రక్తం ఇంకా ఎక్కిస్తే పగిలే కణాలు పెరుగుతాయి, కామెర్లు పెరుగుతాయి, కిడ్నీల మీద భారం పెరుగుతుంది, హిమోగ్లోబిన్ మాత్రం నిలబడదు. సరైన రక్తం వెతికేదాకా ఆగుదాం, ఆరు గంటలకోసారి హిమోగ్లోబిన్ చూద్దాం, ఛాతీ నొప్పి వచ్చినా, కూర్చుంటే ఆయాసం వచ్చినా ఆగం అని ఒప్పందానికి వచ్చాం. ప్రాణం మీదకి వచ్చే రక్తస్రావం ఉంటే లెక్క వేరు. అప్పుడు సీనియర్లందరూ కలిసి నిర్ణయించుకుని, గ్రూపు కలిసిన రక్తం ఏది దొరికితే అది ఇచ్చి, హీమోలిసిస్ సంగతి తర్వాత చూసుకోవాల్సి రావచ్చు. ఆ పరిస్థితి ఇక్కడ లేదు.

సెలైన్ ఎక్కించి మూత్రం గంటకి కిలోకి ఒక ఎంఎల్ దగ్గరగా వచ్చేలా చూశారు. ప్రతిసారీ కొలిచి రాశారు, రంగు కూడా రాశారు. క్రియాటినిన్, పొటాషియం రోజూ. ఫోలిక్ యాసిడ్ మాత్రలు. స్టెరాయిడ్లు ఇవ్వాలా అని పీజీ అడిగింది. ఇలాంటి కేసుల్లో వాటి వల్ల లాభం ఉందని గట్టి ఆధారం లేదు, రోగి నిలకడగా ఉన్నారు, అందుకని ఇవ్వలేదు. సికిల్ సెల్ రోగుల్లో మాత్రం జాగ్రత్త వేరు. వాళ్లలో దాతల కణాలతో పాటు సొంత కణాలు కూడా పగిలి, హిమోగ్లోబిన్ ఎక్కించకముందు కన్నా కిందికి పడిపోవడం ఉంటుంది, ఇంకా రక్తం ఎక్కించేకొద్దీ పరిస్థితి విషమిస్తుంది.

రక్తం వెతకడం మేం భయపడినంత కష్టం కాలేదు. స్మాల్-సీ లేనివాళ్లు యూరప్ జాతుల్లో నూటికి ఇరవై మంది దాకా ఉంటే, మన దేశంలో దాతల్లో నలభై పైచిలుకు ఉంటారు. స్టాకులో ఉన్న తొమ్మిది బీ పాజిటివ్ బ్యాగుల సెగ్మెంట్లు పరీక్షిస్తే నాలుగింటిలో స్మాల్-సీ లేదు, ఆ నాలుగింటిలోనూ క్యాపిటల్-ఈ లేదు. నాలుగూ క్రాస్‌మ్యాచ్‌లో కలిశాయి. స్మాల్-సీ యాంటీసీరం ఒక సీసా ఫ్రిజ్‌లో ఉంటే ఏ జిల్లా బ్లడ్ బ్యాంకైనా గంటలో చేయగలిగే పని ఇది. అరుదైన రక్తం అని భయపడి రోగిని హైదరాబాదుకో విశాఖకో పంపాల్సిన అవసరం లేదు.

మర్నాడు పొద్దున హిమోగ్లోబిన్ 4.5. బాత్రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి నాడి 126. ఒక యూనిట్ ఇవ్వాలని నిర్ణయించాం, ఒక్కటే. ఇలాంటి రోగుల్లో రక్తంలో కణాలు తక్కువైనా నీటి పరిమాణం తగ్గి ఉండదు, గుండె అప్పటికే ఎక్కువ పని చేస్తూ ఉంటుంది. రెండు బ్యాగులు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మన ఆసుపత్రుల్లో రక్తం ఎక్కాక వచ్చే ఆయాసాలకి ఈ ద్రవభారమే పెద్ద కారణమని నా అనుభవం. సెలైన్ ఆపేశారు. మొదటి పావుగంట నిమిషానికి పదిహేను చుక్కలు, పక్కనే నర్సు. తర్వాత కొంచెం పెంచి మూడున్నర గంటల్లో పూర్తి చేశారు. నాలుగు గంటలు దాటకూడదు. మధ్యలో ఫ్రూసెమైడ్ 20 మిల్లీగ్రాములు. మర్నాడు హిమోగ్లోబిన్ 5.7, ఆ మర్నాడు 5.6. నిలబడింది. మిగతా మూడు బ్యాగుల్లో రెండింటిని ఆవిడ పేరున పక్కన పెట్టాం, వాడాల్సిన పని పడలేదు.

జ్వరం రెండో రోజుకి తగ్గింది. బిలిరుబిన్ 5.2 దాకా వెళ్లి, వారంలో 1.4కి దిగింది. నెలసరి రాకుండా గైనకాలజీ వాళ్లు నోరెథిస్టిరోన్ మాత్రలు మొదలుపెట్టారు. జ్వరం పూర్తిగా తగ్గాక ఐరన్ సుక్రోజ్ 200 మిల్లీగ్రాములు రోజు విడిచి రోజు ఎక్కించారు. మొదటి నుంచీ ఆవిడకి కావాల్సింది ఇనుమే. పగిలిన కణాల్లోని ఇనుము ఎటూ పోదు, శరీరం తిరిగి వాడుకుంటుంది. దానికి ఇది తోడైంది. ఆపరేషన్‌కి వ్యవధి ఉన్న ఇనుము లోపం కేసుల్లో రక్తం కన్నా ముందు ఇనుము ఇంజెక్షన్ గురించి ఆలోచించమని గైనకాలజీ మిత్రులని నేను ఎప్పుడూ కోరుతూనే ఉంటాను. ఎక్కించని రక్తానికి రియాక్షన్ రాదు.

వార్డులో ఉండేవాళ్ల కోసం

రక్తం ఎక్కుతుండగా వచ్చే రియాక్షన్లకి ఏం చేయాలో చాలామంది నర్సులకి కంఠతా వచ్చు. క్లిప్పు బిగించి ఆపడం, సూది తీయకుండా కొత్త సెట్‌తో సెలైన్ పెట్టడం, బ్యాగు మీది పేరు, గ్రూపు, నంబరు రోగి చేతి పట్టీతోనూ కేస్ షీటుతోనూ సరిచూడటం, డాక్టరుని పిలవడం, బ్యాగుని సెట్‌తో సహా, కొత్త రక్త నమూనాతో, మూత్రంతో బ్లడ్ బ్యాంకుకి పంపడం. ఒక్క అలవాటు మాత్రం మానాలి. చలి రాగానే ఫెనిరమైన్, హైడ్రోకార్టిసోన్ వేసి, చలి తగ్గగానే అదే బ్యాగు మళ్లీ తెరవడం. చలి జ్వరం మామూలు రియాక్షన్‌లోనూ వస్తుంది, గ్రూపు మారిన రక్తం ఎక్కినప్పుడూ వస్తుంది, బ్యాగులో బాక్టీరియా ఉన్నప్పుడూ వస్తుంది. మొదటి పది నిమిషాల్లో ఈ మూడింటినీ మంచం దగ్గర నిలబడి ఎవరూ విడదీయలేరు. ఒంటి మీద దద్దుర్లు, దురద మాత్రమే ఉండి, ఇంకే లక్షణమూ లేకపోతే మందు ఇచ్చి, తగ్గాక జాగ్రత్తగా కొనసాగించవచ్చు. ఆ ఒక్క మినహాయింపే.

ఈ కేసులో లాంటిది ఇంకా కష్టం, ఎందుకంటే అప్పటికి బ్యాగు ఉండదు, సెట్ ఉండదు, చాలాసార్లు రోగి కూడా ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. జ్వరం, పచ్చకళ్లు, తగ్గిన హిమోగ్లోబిన్ వేరే ఆసుపత్రికి, వేరే డాక్టరు దగ్గరికి వెళతాయి. అక్కడ మలేరియా, హెపటైటిస్, డెంగీ చూస్తారు. గత నెల రోజుల్లో రక్తం ఎక్కించారా అని ఒక్క ప్రశ్న అడిగి, డైరెక్ట్ కూంబ్స్ ఒకటి పంపితే చాలు. అందుకే ఇప్పుడు మా ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకున్న ప్రతి ఒక్కరికీ డిశ్చార్జి కాగితంతో పాటు తెలుగులో ఒక చీటీ ఇస్తున్నాం. ఏ తేదీన ఎన్ని యూనిట్లు ఎక్కించారో, నెల రోజుల్లో కళ్లు పచ్చబడినా, మూత్రం టీ రంగులో వచ్చినా, కారణం తెలియని జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి నీరసించినా ఈ చీటీ తీసుకుని దగ్గర్లోని డాక్టరు దగ్గరికి వెళ్లమనీ అందులో ఉంటుంది.

ఈ రియాక్షన్‌ని, రక్తం ఎక్కించాక వచ్చే రియాక్షన్ల సమాచారం సేకరించే జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమానికి నివేదించాం. 2012 డిసెంబరు 10న మొదలైన ఈ కార్యక్రమాన్ని నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ చూస్తోంది. నివేదిక రాస్తే ఎవరి మీదో ఫిర్యాదు అవుతుందేమోనని వార్డుల్లో జంకుతారు. తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు ఆ ఫారం. ఈ కేసులో పరీక్షల్లో తప్పేమీ లేకుండానే రియాక్షన్ వచ్చింది, అయినా రాయాలి.

తర్వాత

ఆవిడకి ఒక యాంటీబాడీ కార్డు రాసి ఇచ్చాం. తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉంది. గ్రూపు బీ పాజిటివ్, యాంటీ-స్మాల్-సీ ఉంది, యాంటీ-క్యాపిటల్-ఈ ఉండవచ్చు, ఈ రెండు యాంటిజెన్లూ లేని రక్తమే ఇవ్వాలి, స్క్రీనింగ్ నెగెటివ్ వచ్చినా సరే. దాన్ని లామినేట్ చేయించి ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోమని భర్తకి చెప్పాం. అదే సమాచారం మా కంప్యూటర్ రికార్డులో ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆవిడ తమ్ముడు రక్తం ఇస్తానని వచ్చాడు. అతనిది కూడా బీ పాజిటివ్, స్మాల్-సీ, క్యాపిటల్-ఈ రెండూ లేవు. అక్కకి ఎప్పుడు కావాలన్నా నేనున్నానన్నాడు. తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలు ఒక్కోసారి ఒంట్లో స్థిరపడి ప్రాణాంతకమైన జబ్బు తెస్తాయి, అందుకే రేడియేషన్ ఇవ్వకుండా రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. మా దగ్గర ఆ యంత్రం లేదు. ఆ సంగతి అతనికి చెప్పి, అతని రక్తం స్టాకుకి తీసుకున్నాం. ఇలాంటి యాంటీబాడీ ఉన్న ఇంకొకరికి అది పనికొస్తుంది.

ఆరు వారాలకి హిమోగ్లోబిన్ 10.3. డైరెక్ట్ కూంబ్స్ నెగెటివ్. ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు కొత్త నమూనా తీసుకుని స్క్రీనింగ్ మళ్లీ చేశాం. ఒక యాంటీబాడీ తయారుచేసిన మనిషి ఇంకొకటి తయారుచేసే అవకాశం ఎక్కువ కాబట్టి ప్రతిసారీ చూడాల్సిందే. కొత్తవేమీ లేవు. స్మాల్-సీ, క్యాపిటల్-ఈ లేని రెండు యూనిట్లు సిద్ధంగా ఉంచాం. గర్భసంచి తీసేటప్పుడు రక్తం పెద్దగా పోలేదు, ఆ రెండు యూనిట్లూ వాడలేదు. అయిదో రోజు ఇంటికి వెళ్లారు. మూడు నెలలకి చెకప్‌కి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 12.1, యాంటీబాడీ బలం 4+ నుంచి 2+కి దిగింది. చిన్నబ్బాయిని కూడా వెంట తెచ్చారు. ఆ పిల్లవాడి గ్రూపు చూశాం: బీ పాజిటివ్, స్మాల్-సీ ఉంది.